బావ కంటి తెలుపు

బావ ఫోటో చెడితే అక్క ఇంటి తలుపు మళ్ళీ మూసుకుంటుంది. కెమెరా సంచీ భుజాన వేసుకుని రంగుల దుకాణం మెట్లెక్కేటప్పుడే చిట్టికి ఆ సంగతి తెలుసు.

నాలుగేళ్ళ కింద చిట్టి సొంతంగా ఫోటో స్టూడియో తెరిచినప్పుడు ముందరి అద్దాల్లో అక్క ఫోటో పెట్టింది. నలుపు తెలుపుల్లో. సగం మొహం వెలుగులో, సగం నీడలో. చిట్టి తీసినవాటన్నిట్లోకీ మంచి ఫోటో అది. బావ గోడలకూ తలుపులకూ గేట్లకూ రంగులమ్మి పైకొచ్చిన మనిషి. పెళ్ళాం మొహంలో రంగు లేకపోవడం చూసి ఒంటికాలి మీద లేచాడు.

"బతికున్న మనిషికి రంగు పీకేసి వీధిలో నిలబెడతావా?" అన్నాడు.

చిట్టి ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. "రంగు నీ డబ్బాల్లో ఉంటుంది బావా. మనిషికి వెలుగు చాలు" అంది. అదీ నలుగురి ముందు.

బావ మంచివాడు కాదు, చెడ్డవాడూ కాదు. ఆఖరి మాట తనదే అయి తీరాలనుకునే రకం. ఆ రకంతో కాపురం చేసేవాళ్ళు నోరు కట్టేసుకోవడం నేర్చుకుంటారు. అక్క నేర్చుకుంది. ఫోన్ ఎత్తడం మానేసింది. రెండు వీధుల అవతల ఉన్న అక్కాచెల్లెళ్ళు బజార్లో ఎదురుపడితే ఒకరు కూరగాయల వైపు, ఒకరు ఆకాశం వైపు చూసుకుంటూ పోయేవారు.

ఇన్నాళ్ళకి రంగుల కంపెనీవాళ్ళు తమ దుకాణదారుల ఫోటోలతో ఒక పుస్తకం వేస్తామన్నారు. బావ ఫోటో కావాలన్నారు. "ఇంట్లో మనిషి ఉండగా బయటివాళ్ళెందుకండీ" అని అక్క పట్టుబట్టిందట. నాలుగేళ్ళు కట్టేసుకున్న నోరు ఒక్కసారి విప్పితే బావకైనా జవాబు దొరకలేదేమో, సరేనన్నాడు.

బావ అప్పటికే ముస్తాబై ఉన్నాడు. తెల్లచొక్కా, కత్తిలా ఇస్త్రీ. గోడ నిండా పేర్చిన డబ్బాల ముందు నడుం మీద చేతులు వేసుకుని నిలబడ్డాడు.

"తియ్యి. డబ్బాలన్నీ పడాలి. ఒక్కటి తెగినా ఒప్పుకోను."

"డబ్బాలన్నీ పడితే నువ్వు కనపడవు బావా."

"నేనెందుకు కనపడను? ఇంత మనిషిని!"

"ఇంత మనిషికీ నడినెత్తి మీద ఎర్రడబ్బా మొలిచింది. కొమ్ములా ఉంది. చూసుకో."

కెమెరా వెనక తెర మీద బావ చూసుకున్నాడు. మిషన్ దగ్గర రంగులు కలిపే అతను మొహం అటు తిప్పుకుని నవ్వుకున్నాడు. పొడుగ్గా సన్నగా ఉంటాడు కాబట్టి అతన్నందరూ గరిటె అంటారు. గల్లాపెట్టె వెనక కూర్చున్న అక్క తలెత్తకుండానే, "కొమ్ము నిజమేనండీ" అంది. చెల్లెలితో అన్న మాట కాదు. చెల్లెలి వైపు అన్న మాట. చిట్టికి అదే పదివేలు.

చిట్టి దుకాణం చివర ఖాళీగా ఉన్న మీగడరంగు గోడ ముందు స్టూలు వేయించింది. దుకాణంలో దీపాలన్నీ పసుపు వెలుగువే. ఆ వెలుగులో ఎంత పేలవమైన రంగైనా వెచ్చగా కనిపిస్తుంది. కొనేవాళ్ళు మురిసిపోయి కొనుక్కుపోతారు, ఇంటికెళ్ళి ఇదేం రంగురా అనుకుంటారు. అది బావ వ్యాపారపు ఎత్తు. ఫోటోకి మాత్రం గండం. వెలుగు చూసుకోవడానికి ముందు గరిటెని కూర్చోబెట్టి ఒకటి తీసింది. తర్వాత బావని కూర్చోమంది.

"భుజం ఇటు. మొహం నా వైపు. గడ్డం కాస్త దించు. అంత కాదు, ఎవరో తిట్టినట్టుంది."

"నన్నెవరు తిడతారు?"

"అందుకే మొహానికి అలవాటు లేదు."

బావ మూతి బిగించాడు గాని కళ్ళు నవ్వాయి. చిట్టి టక్కున తీసింది. కళ్ళు నడిమధ్యన పడకుండా కాస్త పైకి వచ్చేలా, అతని చూపు పోయే వైపు కొంచెం చోటు వదిలి మళ్ళీ తీసింది. ఫోటోలో మనిషికి చూడటానికి చోటుండాలి, లేకపోతే గోడకి మొహం పెట్టి నిలబడ్డట్టే ఉంటుంది. బావ మధ్యమధ్య మోచేతులు గీరుకుంటున్నాడు.

"చీమలా బావా?"

"రంగుపొడి. ఈ మధ్య ఒంటికి పడట్లేదు."

"చిక్కావు కూడా."

"చిక్కడమేంటి! తగ్గించాను. పొట్ట చూడు, ఎలా లోపలికి పోయిందో."

"తగ్గించారట" అంది అక్క. "కంచంలో సగం వదిలేసి లేస్తున్నారు. తగ్గదా మరి?"

చిట్టి సంచీ సర్దుకుంటుంటే అక్క మంచినీళ్ళ గ్లాసు తెచ్చి చేతికిచ్చింది. ఎవరికీ వినపడకుండా, "బాగా రానీ. బాగొస్తే ఆదివారం ఇంటికి రా. ఆయన కాదనరు" అంది. ఒక్క క్షణం ఆగి, "ఈసారి నోరు జారకు" అని కూడా అంది.

స్టూడియోలో కంప్యూటర్ ముందు కూర్చుని చిట్టి ముందుగా గరిటె ఫోటో తెరిచింది. ఫోటోలో రంగులు సరిచేయడానికి ఆమెకో పద్ధతి ఉంది. ఏది తెల్లగా ఉండాలో ఒక్క చోట నొక్కి చూపిస్తే మిగతా రంగులన్నిటినీ కంప్యూటరే దానికి తగ్గట్టు సర్దుతుంది. చాలామంది చొక్కా మీద నొక్కుతారు. చిట్టి చొక్కాని నమ్మదు. ఎవరు ఎంత నీలిమందు వేసి ఉతికారో ఎవరికి తెలుసు? కంటి తెలుపుని ఎవరూ ఉతకరు. అందుకని ఆమె ఎప్పుడూ కంటి తెలుపు మీద నొక్కుతుంది. గరిటె కంటి మీద నొక్కింది. పసుపు వెలుగంతా దిగిపోయి గోడ మీగడరంగుకి వచ్చింది, మనిషి మనిషి రంగుకి వచ్చాడు.

బావ ఫోటో తెరిచి అతని కంటి మీద నొక్కింది.

ఫోటో అంతా నీలమైపోయింది. గోడ నీలం. చొక్కా నీలం. బావ రాత్రంతా చన్నీళ్ళలో నానిన మనిషిలా ఉన్నాడు.

చేయి జారిందనుకుని మళ్ళీ నొక్కింది. అదే నీలం. రెండో కన్ను. అదే. ఇంకో ఫోటో, ఇంకోటి. ఎక్కడ నొక్కినా బావ నీళ్ళలోంచే లేచొస్తున్నాడు. చిట్టికి చిరాకు రాలేదు. ఆమెకి ఏదైనా తెగకపోతే ఆకలి కూడా వేయదు. గరిటెకి ఫోన్ చేసింది.

"నిన్ను తీశాక దీపం ఏదైనా మార్చారా?"

"లేదమ్మా."

"స్టూలు జరిపారా?"

"సార్ కూర్చున్నదాన్ని నేనెందుకు జరుపుతాను? ఏమైందమ్మా, బాగా రాలేదా?"

"వచ్చింది, వచ్చింది" అని పెట్టేసింది. ఆ దుకాణంలో చెవిన పడ్డ మాట పదింతలై గాని అక్కని చేరదు.

తప్పనిసరై, తను నమ్మని చొక్కా మీదే నొక్కింది. రంగులన్నీ బుద్ధిగా సర్దుకున్నాయి. గోడ గోడలా ఉంది, చెంపలు చెంపల్లా ఉన్నాయి. కళ్ళు మాత్రం లేత పసుపుగా ఉన్నాయి. పక్కనున్న మీగడగోడ చాయ పడిందనుకుంది. కానీ గరిటె కూర్చున్నదీ ఆ గోడ పక్కనే కదా.

ఏ ఫోటో అయినా ఆమె ఒకసారి రంగు తీసేసి చూస్తుంది. రంగుంటే కన్ను దాని వెంట పోతుంది. తీసేస్తే వెలుగెక్కడ పడిందో, ఏది ముందుకొస్తుందో, ఏది వెనక్కి పోవాలో తేటగా తెలుస్తుంది. బావకి ఇష్టం లేకపోతేనేం, ఇది ఆయన చూసేది కాదు. ఫోటోని నలుపు తెలుపు చేసింది. గోడ మరీ తెల్లగా ఉండి మొహంతో పోటీ పడుతోంది. రంగు తీసేశాక కూడా, ఒకప్పుడు పసుపుగా ఉన్నదాన్ని విడిగా నల్లబరచవచ్చు, ఎర్రగా ఉన్నదాన్ని విడిగా తెల్లబరచవచ్చు. గోడని వెనక్కి నెట్టడానికి చిట్టి పసుపుని దించింది. గోడ మెల్లగా బూడిదైంది. మొహం ముందుకొచ్చింది.

గోడతో పాటే కళ్ళూ బూడిదయ్యాయి.

చిట్టి చేయి మౌస్ మీదే ఆగిపోయింది. మళ్ళీ పైకి తెచ్చింది. కళ్ళు తెల్లబడ్డాయి. దించింది. నిప్పు మీద నీళ్ళు చల్లినట్టు చల్లారాయి. గరిటె ఫోటో తెరిచి అలాగే దించింది. అతని వెనక గోడ నల్లబడింది. అతని కళ్ళు మల్లెమొగ్గల్లా అలాగే ఉన్నాయి.

కెమెరాలో తప్పు లేదు. దీపంలో తప్పు లేదు. గోడలో తప్పు లేదు. గీరుకుంటున్న మోచేతులు, లోపలికి పోయిన పొట్ట, కంచంలో వదిలేసిన సగం ఒకదాని పక్కన ఒకటి వచ్చి నిలబడ్డాయి. పచ్చకామెర్లు అనే మాట వాటి వెనకే వచ్చింది.

అక్కకి ఫోన్ చేసింది. అక్క ఎత్తింది. నాలుగేళ్ళలో మొదటిసారి.

"అక్కా, బావ కళ్ళు పచ్చగా ఏమైనా ఉన్నాయేమో ఒకసారి చూడవే."

"మళ్ళీ మొదలెట్టావా?" అంది అక్క.

"కాదే. ఫోటోలో..."

"రోజూ చూసే మొహం నాకు తెలీదా? రంగుపొడిలో ఉండే మనిషికి కళ్ళు మండవా? ఫోటో బాగా రాలేదని చెప్పు, సరిపోతుంది. ఆయన మొహానికి వంకలు పెట్టకు. ఈ మాట ఆయన చెవిన పడితే ఆదివారం కాదు కదా, ఇంకెప్పటికీ రాలేవు."

పెట్టేసింది.

చిట్టి రంగుల ఫోటోని మళ్ళీ తెర మీదికి తెచ్చింది. కళ్ళు తెల్లబరచడం ఈ పనిలో అందరూ చేసేదే. ప్రతి మొహానికీ చేస్తారు. రెండు గీతలు గీస్తే చాలు. గీసింది. బావ కళ్ళు పాలనురగలా మెరిశాయి. భుజం వంపు, నవ్వాపుకున్న మూతి, వెనక వెచ్చటి గోడ, అన్నీ అమిరాయి. కంపెనీవాళ్ళు కళ్ళకద్దుకుంటారు. బావ పటం కట్టిస్తాడు. ఆ రెండు గీతలూ చేతి అలవాటు కొద్దీ పడ్డాయని చెప్పుకోవచ్చు. అలవాటు కాదు. ఆదివారం.

చాలాసేపు ఆ అందమైన ఫోటో ముందు కూర్చుంది. కుర్చీ వెనక్కి వంచింది. లేచి మంచినీళ్ళు తాగింది. వచ్చి మళ్ళీ కూర్చుంది. బావకి చెబితే వినడు. డాక్టర్ మాట కూడా వినడు, ఆయనకేం తెలుసంటాడు. ఈ భూమ్మీద బావ నమ్మే మనిషి ఒక్కడే, అది తనే. అదీ రంగుల విషయంలోనైతే మరీ.

అక్కడ చిట్టికి దారి దొరికింది. చొక్కా మీద నొక్కి సరిచేసిన ఫోటోలోంచి, కళ్ళు తెల్లబరచనిదాంట్లోంచి, కంటి తెలుపులో ఒక చిన్న ముక్క కత్తిరించింది. రెప్ప పడకుండా, నల్లగుడ్డు పడకుండా, ఎర్రనరం కూడా పడకుండా. దాన్ని అరచేయంత పెద్దది చేసి అచ్చు తీసింది. చూస్తే గోడకి వేసిన పూతలా ఉంది, ఇంకేమీ కాదు. తెల్లబరచిన ఫోటోని మాత్రం సంచీలో పెట్టుకోలేదు. పెట్టుకుంటే ఇచ్చేసి వస్తుందని తన సంగతి తనకి తెలుసు.

పొద్దున దుకాణం తెరవగానే వెళ్ళింది. అక్క ఇంకా రాలేదు. గరిటె మిషన్ తుడుస్తున్నాడు.

"ఏదీ, తెచ్చావా?" అన్నాడు బావ.

"తెస్తాను. ముందు ఇదేం రంగో చెప్పు. నాకు తెగట్లేదు."

బావ అచ్చుముక్క అందుకున్నాడు. రంగు అడిగితే అతను కోపమూ వ్యాపారమూ రెండూ మర్చిపోతాడు. వేళ్ళతో అటూ ఇటూ వంచి చూశాడు. గల్లాపెట్టె కింద నుంచి షేడ్ కార్డు తీశాడు. వందల గడుల్లో వందల రంగులు అతికించిన అట్ట అది. వేలు దాని మీద పరుగెత్తింది.

"పాత వెన్న. మూడో వరస, రెండో గడి."

"తెలుపు కాదా?"

"తెలుపా?" పెదవి విరిచాడు. "కళ్ళు దొబ్బాయా నీకు? తెలుపులో ఇంత పసుపు ఎవడు పోస్తాడు? ఎవరైనా తెలుపని అమ్మితే మొహాన కొట్టి రా. ఎవరి గోడ ఇది?"

"గోడ కాదు బావా."

"మరి?"

"నీ కన్ను."

గరిటె చేతిలో గుడ్డ ఆగింది. బావ ముక్క వైపు చూశాడు, చిట్టి వైపు చూశాడు. మొహం జేవురించింది.

"నా మొహంలో రోగం వెతకడానికొచ్చావా? అప్పుడు మీ అక్కకి రంగు పీకేశావు, ఇప్పుడు నాకు పూస్తున్నావా?"

"నేనేం పూయలేదు. రంగు పేరు చెప్పింది నువ్వు."

"కంప్యూటర్లో ఎన్ని వేషాలైనా వేయొచ్చు!"

"వేయొచ్చు. అందుకే దాన్ని నమ్మకు. నీ కార్డుని నమ్ము. బయట ఎండ ఉంది."

ఆఖరి మాట తనది కాకుండా పోతే బావ నిలబడలేడు. కార్డు లాక్కుని విసురుగా బయటికి నడిచాడు. దుకాణం ముందు అతని స్కూటరు నిలబెట్టి ఉంది. దాని అద్దం మీదికి వంగాడు. ఒక చేత్తో రెప్ప కిందికి లాగి, రెండో చేత్తో కార్డు కంటి పక్కన పెట్టుకున్నాడు. దారినపోయేవాళ్ళు చూసి నవ్వుకుంటూ పోయారు. చిట్టి లోపలే నిలబడింది. ముందు కార్డు తిన్నగా ఉంది. కాసేపటికి ఒక గడి పక్కకి జరిగింది. అక్కడే ఉండిపోయింది.

బావ లోపలికి వచ్చి కార్డుని గల్లాపెట్టె మీద పెట్టాడు. విసిరేస్తాడనుకుంది చిట్టి. విసరలేదు. పెట్టాడు.

"వెళ్ళు" అన్నాడు.

"బావా..."

"వెళ్ళమన్నానా!"

వెళ్ళింది. ఆదివారం పోయిందనుకుంటూ వెళ్ళింది.

ఆదివారం నిజంగానే పోయింది. ఆ రోజుకి బావ ఆసుపత్రిలో ఉన్నాడు. స్కూటరు అద్దంలో చూసుకున్న రోజు మధ్యాహ్నమే, ఎవరికీ చెప్పకుండా, ఒక్కడే వెళ్ళాడట. పైత్యరసం దిగే గొట్టంలో రాయి అడ్డం పడిందన్నారు. నోట్లోంచి గొట్టం పంపి తీసేశారు. ఇంకొన్నాళ్ళు ఊరుకుని ఉంటే లోపల చీముపట్టి ప్రాణం మీదికి వచ్చేదన్నారు. ఇదంతా చిట్టికి గరిటె చెప్పాడు. అక్క చెప్పలేదు.

చిట్టి రెండు రోజులు తటపటాయించి వెళ్ళింది. అక్క వార్డు బయట బల్ల మీద కూర్చుని ఉంది. చెల్లెల్ని చూసి లేవలేదు. కూర్చోమనలేదు.

"ఎలా ఉన్నాడు?"

"బాగున్నారు." కాసేపు చేతిలోని మందుల పొట్లం మడతలు పెట్టింది. "ముప్పై ఏళ్ళు చూశాను ఆ మొహాన్ని. నువ్వు ఒక్క పూట చూశావు."

చిట్టి గోడకి ఆనుకుని నిలబడింది.

"నాకెందుకు కనపడలేదే?" అక్క గొంతులో ఏడుపు లేదు. కోపం ఉంది, ఎవరి మీదో తేలని కోపం. "ఇంట్లో పసుపు దీపాలు, దుకాణంలో పసుపు దీపాలు. అదే అనుకున్నాను. అనుకోవడం కూడా కాదు. చూడనే లేదేమో."

"రోజూ ఎదురుగా ఉన్నదాన్ని కన్ను తనే సర్దేసుకుంటుందక్కా. కొంచెం కొంచెంగా మారితే, మారిందని చెప్పదు."

"నీకు చెప్పిందిగా."

"నాకూ కన్ను చెప్పలేదు. నీలమైన గోడ చెప్పింది."

అక్కకి అర్థం కాలేదు. చిట్టి చెప్పుకుంటూ పోయింది. కంటి మీద నొక్కడం, చొక్కా నీలమవడం, గరిటె కళ్ళు మల్లెమొగ్గల్లా నిలబడటం. అక్క ముందు విననట్టే కూర్చుంది. తర్వాత, "గరిటె కన్ను కూడా నొక్కావా?" అంది. తర్వాత, "ఎవరిది నొక్కినా తెలిసిపోతుందా?" అంది. మెల్లగా పక్కకి జరిగి బల్ల మీద చోటిచ్చింది. తెల్లబరచిన రెండు గీతల సంగతి మాత్రం చిట్టి చెప్పలేదు. ఎప్పటికీ చెప్పదు కూడా.

లోపల నుంచి బావ గొంతు వచ్చింది. "ఎవరితో ఆ గుసగుసలు?"

"చిట్టి వచ్చిందండీ."

అక్క లేచి చెల్లెలి రెక్క పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. బావ గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఇటు తిరగలేదు. బాగున్నావా అనలేదు. మేలు చేశావనే మాట అతని నోట వస్తుందని ఆ గదిలో ఎవరూ ఎదురుచూడనూ లేదు. గోడతోనే అన్నాడు.

"ఆ రోజు రెండో గడి అన్నాను."

"అన్నావు బావా."

"తప్పు. దుకాణం దీపాల కింద చూసి చెప్పాను. ఎండలో పెట్టి చూస్తే మూడో గడి. ఒక మెట్టు ముదురు."

"సరేలే బావా."

"సరేలే కాదు. ఎవరైనా అడిగితే మూడోదని చెప్పు. రంగు తప్పు చెప్పాడని నా మీదికి రాకూడదు."

అక్క చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత మంచం మీదికి వంగి, అతని గడ్డం పట్టుకుని ఇటు తిప్పింది. "ఇప్పుడు ఏ గడిలో ఉన్నట్టు?" అని చెల్లెల్ని అడిగింది.

చిట్టి అవతలి వైపు నుంచి వంగింది. అక్క తల, చెల్లెలి తల ఒకదానికొకటి తగిలాయి.

"రెండోది" అంది చిట్టి.

"నాకు మొదటిదే అనిపిస్తోంది."

"నెత్తి మీద దీపం ఉందిగా, అలాగే అనిపిస్తుంది. కిటికీ వైపు తిప్పు."

"మొహం నాది" అన్నాడు బావ.

"ఉండండి, కదలకండి" అంది అక్క. ఇద్దరూ కలిసి తిప్పారు.